మొండికాలు

ఎంబీబీఎస్ పూర్తయిన ఏడాది నాకు అందరూ ఒకే సలహా ఇచ్చారు: కూర్చుని చేసే పని చూసుకో. మా నాయన అదే అన్నాడు. కడపలో నాకు పాఠాలు చెప్పిన సార్లు అదే అన్నారు. హాస్టల్లో నాతో గది పంచుకున్న అమ్మాయి అదే అంది. చర్మవ్యాధులు చూడొచ్చు, స్కానింగులు చదవొచ్చు, మైక్రోస్కోపు ముందు కూర్చుని గాజుపలకలు చూడొచ్చు. లోకంలో ఉన్న కుర్చీలన్నీ నాకోసమే తుడిచి పెట్టినట్టు మాట్లాడేవాళ్ళు.

నేను మాత్రం జనరల్ సర్జరీ చేస్తానన్నాను. ఆ మాట అన్న ప్రతిసారీ ఎదుటివాళ్ళ చూపు నా మొహం మీది నుంచి జారి ఎడమకాలి దగ్గర ఆగేది.

ఆ కాలు మోకాలి కింద నుంచి లేదు. రాయచోటిలో మాది టోకు కిరాణా అంగడి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, బెల్లం లోడు దించడానికి వెనక్కొస్తున్న లారీ కింద పడ్డాను. ముందు కడపకు, అక్కడి నుంచి కర్నూలుకు తీసుకుపోయారు. కర్నూల్లో ఒక సర్జన్ కాలు తీసి ప్రాణం నిలబెట్టాడు. మిగిలిన మొండికి చర్మాన్ని చక్కగా మడిచి కుట్టాడు. అది ఎంత మంచి పనో మెడిసిన్ చదివేటప్పుడు గానీ నాకు తెలియలేదు. పెట్టుడు కాలుతో నడక నేర్చుకున్నాను. పడ్డాను, లేచాను. పెరిగే పిల్లకు చెప్పులు బిగుతైనట్టు నాకు కాలు పొట్టిదయ్యేది, మళ్ళీ కొత్తది చేయించేవాళ్ళు. మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఒకటే చెప్పేది. "కాలు మొండిదైనప్పటి నుంచి మనిషి గూడా మొండిదైపాయ." అది తిట్టో, పొగడ్తో ఆమెకే తెలియాలి. నేను పొగడ్తగానే తీసుకున్నాను.

సర్జరీ మీద మనసు పడింది హౌస్ సర్జన్‌గా పనిచేసిన ఏడాదిలో. ఒకరోజు మధ్యాహ్నం పులివెందుల వైపు నుంచి ఒక రైతును మోసుకొచ్చారు. ఎద్దు కడుపులో పొడిచింది. బయటికొచ్చిన పేగులను తడి తువ్వాలులో చుట్టి, ఆ తువ్వాలును తానే రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఆరోజు డ్యూటీలో ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడం చుట్టూ చూసింది. పీజీలిద్దరూ వేరే కేసులో ఉన్నారు. "నువ్వే, చేతులు కడుక్కుని రా" అంది నాతో.

ఆ సాయంత్రం దాకా ఆమె ఎదురుగా నిలబడ్డాను. ఆమె పేగును అంగుళం అంగుళం వేళ్ళ మధ్య నుంచి జార్చుకుంటూ చిల్లులు వెతికింది. ఎక్కడ పట్టుకోమంటే అక్కడ పట్టుకున్నాను, ఎక్కడ కత్తిరించమంటే అక్కడ దారం కత్తిరించాను. చివర్లో చర్మం కుట్టడం నాకు వదిలేసింది. అంతా అయ్యాక గ్లౌజులు తీస్తూ అడిగింది.

"కాలెట్లుంది?"

"ఏ కాలు మేడం?" అన్నాను.

నిజంగానే మరిచిపోయాను. ఆమె నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ రైతు పది పన్నెండు రోజులకు తన కాళ్ళ మీద తాను నడిచి ఇంటికి పోయాడు. పోయేటప్పుడు, ఆ ఎద్దును అమ్మేస్తావా అని నేను అడిగితే, "దాన్నెందుకమ్మా అమ్మేది? తప్పు నాదే, నీళ్ళు పెట్టకుండా కట్టేసి పోయినా" అన్నాడు. అప్పుడే నిర్ణయించుకున్నాను. చిన్నప్పుడు ఆపరేషన్ బల్ల మీద పడుకుని పైనున్న దీపాలను చూసినదాన్ని. ఇక బతికినన్నాళ్ళూ ఆ దీపాల కింద నిలబడాలి.

అయితే సర్జన్ కావాలంటే ముందు పీజీ సీటు రావాలి. సీటు రావాలంటే దేశమంతా ఒకటే పరీక్ష. కంప్యూటర్ ముందు కూర్చుని, ప్రశ్నకు నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కాలి. దాన్నిబట్టి ర్యాంకు. ర్యాంకును బట్టి ఎవరికి ఏ సబ్జెక్టు, ఏ ఊరు అన్నది తేలుతుంది. ఎద్దు పొడిచిన మనిషి కడుపులోకి ఎవరు చెయ్యి పెట్టారు, ఎవరు ఫోను చూసుకుంటూ కూర్చున్నారు అని అక్కడ ఎవరూ అడగరు. హౌస్ సర్జన్ ఏడాదంతా వార్డు ఎగ్గొట్టి కోచింగ్ వీడియోలు చూసిన వాడికే మంచి ర్యాంకు వస్తుందని మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు. తెలిసీ అందరూ అదే చేశారు. నేను వార్డూ వదలలేదు, పుస్తకమూ వదలలేదు. రెంటికీ సగం సగమే అయ్యాను.

ఫలితాలొచ్చాయి. ఓపెన్ జాబితాలో నా ర్యాంకుకు ఎవరూ అడగని సబ్జెక్టులే మిగులుతాయి. వికలాంగుల కోటాలో అయితే సర్జరీ వస్తుంది. ఆ కోటా కావాలంటే పరీక్ష ఒక్కటే చాలదు. ప్రభుత్వం చెప్పిన కొన్ని ఆసుపత్రుల్లో మెడికల్ బోర్డు ఉంటుంది. ఆ బోర్డు చూసి, ఈ మనిషి పీజీ చదవడానికి పనికొస్తుంది అని రాసివ్వాలి. మాకు దగ్గర్లో ఉన్నది పక్క రాష్ట్రంలో. నాయనా నేనూ బస్సెక్కి పోయాం.

గదిలో ముగ్గురు డాక్టర్లున్నారు. ప్యాంటు మడిచి పెట్టుడు కాలు తీయమన్నారు. ఒకాయన టేపు పట్టి మొండికాలు పొడవు కొలిచాడు. ఇంకొకాయన మోకాలు వంచి, చాచి, ఎంత కోణం వంగిందో చెప్తుంటే మూడో ఆయన రాసుకున్నాడు. నా మొహం ఎవరూ చూడలేదు. రాసుకునే ఆయన తల ఎత్తకుండానే ఇంగ్లీషులో అడిగాడు.

"ఏ బ్రాంచి అనుకుంటున్నావు?"

"జనరల్ సర్జరీ సార్."

టేపు పట్టిన ఆయన దాన్ని చుట్టుకుంటూ నవ్వాడు. "గంటలు గంటలు నిలబడాలమ్మా అక్కడ."

"హౌస్ సర్జన్‌గా నిలబడ్డాను సార్."

"అది వేరు, ఇది వేరు. నీ మంచికే చెప్తున్నాం."

అంతే. ఇంకో ప్రశ్న లేదు. కాలు మళ్ళీ తొడుక్కుని పట్టీ బిగించుకునేంతలో తర్వాతి మనిషిని పిలిచేశారు. మధ్యాహ్నానికి కాగితం చేతికొచ్చింది. పనికిరాదు అని ఉంది. సర్జరీకని కాదు, పీజీకే పనికిరాదట.

బయట బెంచీ మీద కూర్చున్న నాయన లేచొచ్చాడు. "ఏమన్న్యారమ్మే?"

"పనికిరానంట నాయనా."

"ఏం జేయించినారు నీతో లోపల?"

"ఏం చేయించలేదు. కాలు కొలిచినారు."

నాయన కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన నలభై ఏళ్ళుగా చింతపండు, మిరపకాయలు తూచే మనిషి. కూర్చుని చేసే పని చూసుకోమని అప్పటిదాకా నాతో రోజూ పోట్లాడినవాడు. ఆ కాగితాన్ని మడిచి నాకిచ్చేస్తూ అన్నాడు. "సరుకు సూడకుండా గోతం తూకమేసినారే! ఇదేం యాపారం?" కొంచెం దూరం నడిచాక మళ్ళీ తనే అన్నాడు. "ఇంగ నేను నిన్ను కూసోమని అనను. నువ్వు యాడ నిలబడాలనుకుంటే ఆడ నిలబడు."

బస్సులో తిరిగొస్తూ నేను ఏడవలేదు. కోపంతో పళ్ళు బిగించి, దవడ నొప్పి పుట్టేదాకా బిగించి కూర్చున్నాను. నాతో చదివిన వాళ్ళలో రెండు కాళ్ళున్న ఏ ఒక్కరినైనా, నిలబడు చూద్దాం అన్నారా? సర్జరీలో చేరి ఆరు నెలలకు నడుం నొప్పని మానేసిన వాళ్ళు నాకు తెలుసు. రక్తం చూసి కళ్ళు తిరిగిన వాళ్ళు తెలుసు. వాళ్ళ నడుమునూ వాళ్ళ గుండెనూ ఎవరూ టేపు పెట్టి కొలవలేదు. ర్యాంకొస్తే చాలు. నాకు మాత్రం పరీక్ష మీద ఇంకో పరీక్ష, అదీ ప్రశ్నలే లేని పరీక్ష.

ఇంట్లో చుట్టాలు వచ్చి ఓదార్చారు. దేవుడే వద్దంటున్నాడేమో అన్నారు. జేజి వాళ్ళను కసిరింది. "దేవుడు టేపు పట్టుకోని వొచ్చినాడా ఏంది? కాపీలు తాగి పోండి" అంది.

ఓపెన్ జాబితాలో వచ్చే సీటు వద్దనుకున్నాను. బోర్డు మీద అప్పీలు పెట్టాను గానీ దానికి జవాబు వచ్చేసరికి ఆ ఏడాది సీట్లన్నీ నిండిపోయాయి. ఖాళీగా కూర్చోవడం నా వల్ల కాదు. నందికొట్కూరు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో కాంట్రాక్టు డాక్టరుగా చేరాను. పగలంతా ఓపీ, సాయంత్రాలు చదువు.

అక్కడికి డ్రెస్సింగు కోసం ఒక పెద్దాయన వచ్చేవాడు. షుగరు వల్ల పాదం కుళ్ళింది. వేళ్ళు నల్లబడి, నలుపు పైకి పాకుతోంది. కర్నూలు పోయి తీయించుకోకపోతే ప్రాణానికే ముప్పని చెప్పి చెప్పి నేను అలసిపోయాను. అతను వినడు. కొడుకూ కోడలూ ఏడ్చినా వినడు.

"కాలు దీసేసినాక ఇంగ బతికేందుకమ్మా? మూలన కూసోని ఎవురో పెడితే తినేదానికా?" అన్నాడు ఒకరోజు.

నేను అప్పటిదాకా నా కాలు పేషెంట్లకు ఎప్పుడూ చూపలేదు. ఆ పొద్దు నాకేమనిపించిందో, ప్యాంటు మోకాలి దాకా లాగి, పెట్టుడు కాలిని స్టెతస్కోపుతో టకటకా కొట్టి చూపించాను. ఆయన నోరు తెరిచి చూశాడు. వంగి తనూ ఒకసారి వేలితో కొట్టి చూశాడు.

"పొద్దున్నుంచి ఈ కాలుతోనే తిరుగుతాండావా?"

"ఈ కాలుతోనే తాతా."

"మీ ఊర్నుంచి ఈడికి బస్సులో వొస్తావా?"

"బస్సులోనే."

తన పాదం కట్టు వైపు చూసుకున్నాడు. "అట్లయితే నీ కాలు కోసినోడు ఎవుడో వాని కాడికే పంపు నన్ను. ఇంగొకని కాడికైతే పోను."

"ఆయన రిటైరయి శానా ఏండ్లయింది తాతా."

"అంత బాగా కోసేటోన్ని ఎందుకు రిటైరు చేసినారు?" అని గవర్నమెంటును తిట్టుకుంటూనే ఆ వారం కర్నూలు పోయాడు. బతికాడు. నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ పండగకో పబ్బానికో తన పెట్టుడు కాలు చూపించడానికి వచ్చేవాడు. నా దానికంటే తన కాలు రంగు బాగుందని గొప్పలు పోయేవాడు.

రెండోసారి పరీక్ష రాశాను. ఈసారి ర్యాంకు బాగా వచ్చింది. కోటా లేకుండానే ఎక్కడో ఒకచోట సర్జరీ దొరికే అవకాశం ఉంది. ఆ సాయంత్రం నా క్లాసుమేటు ఒకడు ఫోను చేశాడు. అప్పటికే పీజీలో చేరినవాడు, నా మేలు కోరేవాడు.

"వికలాంగుల కాలమ్ టిక్కు పెట్టొద్దు" అన్నాడు. "ఓపెన్‌లో ఎవరూ నీ కాలు చూడరు. ప్యాంటు వేసుకుంటే నీ నడక చూసి ఎవరూ కనిపెట్టలేరు. బోర్డుకు పోయావనుకో, మళ్ళీ పనికిరావని రాస్తే ఆ కాగితం ఓపెన్ సీటుకు కూడా అడ్డం పడొచ్చు. చేరినాక చూసుకోవచ్చు."

తప్పు చెప్పలేదు. ఓపెన్‌లో పోయేవాళ్ళు పోవచ్చు, అది వాళ్ళిష్టం. కానీ అతని మాటలో ఉన్న వింత నాకు నిద్ర లేకుండా చేసింది. ఒకే కాలు, ఒకే మనిషి. చెప్పకపోతే సర్జరీకి పనికొస్తాను. చెప్తే దేనికీ పనికిరాను. అంటే నేను చేయాల్సింది కాలు బాగుచేసుకోవడం కాదు, నోరు మూసుకోవడం. ఇప్పుడు దాచి లోపలికి పోతే, మొండికాలు పుండు పడిన రోజున కూడా దాచాలి. థియేటరులో మెట్టు తగిలి తూలితే ఇంకేదో అబద్ధం చెప్పాలి. దాచుకోవడానికి నేనేం దొంగతనం చేశాను? పైగా నేను కోరుతున్నది దానం కాదు. చట్టం ఇచ్చిన సీటు. ఆ మధ్య కోర్టులు కూడా చెప్పాయి: మనిషికి ఏది లేదో లెక్కపెట్టడం కాదు, ఏది చేయగలదో చూడండి అని.

టిక్కు పెట్టాను. అతనికి ఫోను చేసి చెప్పాను. "నీకు పిచ్చి పట్టింది" అని పెట్టేశాడు.

మళ్ళీ అదే ఆసుపత్రికి, మళ్ళీ నాయనతోనే పోయాను. జేజి దారిలో తినడానికి బొరుగుల ఉగ్గాని కట్టిచ్చింది. ఈసారి బోర్డులో కొత్తవాళ్ళు ఇద్దరు ఉన్నారు. కిందటేడు టేపు పట్టిన ఆయన మాత్రం ఉన్నాడు, ఆయనే ఇప్పుడు పెద్ద. నన్ను గుర్తుపట్టాడు.

"మళ్ళీ సర్జరీయేనా?"

"అవును సార్. ఈసారి కాలు కొలిచే ముందు నా పని చూడమని అడుగుతున్నా. రాతపూర్వకంగా కూడా ఇస్తున్నా."

"మేము థియేటరు తీసుకుని రాలేదమ్మా ఇక్కడికి."

"నేను నిలబడలేనని కదా సార్ పోయినేడు అన్నారు? మీరు ఈ పొద్దు ఎంతసేపు కూర్చుంటారో అంతసేపు నేను నిలబడతాను. అదైనా చూడండి."

"ఇది డ్రామా. పరీక్ష కాదు" అన్నాడాయన విసుగ్గా.

"పోయినసారి మీరు చేసింది కూడా పరీక్ష కాదు సార్."

ఆయన చెయ్యి ఊపి, బయట వేచి ఉండు, అందరూ అయ్యాక చూస్తాం అన్నాడు. బయటికొచ్చి, తెరిచి ఉన్న తలుపుకు ఎదురుగా గోడకు ఆనకుండా నిలబడ్డాను. ఆయన తలెత్తితే నేను కనపడాలి. నాయన కూర్చోమనలేదు. వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. ఆయన మోకాళ్ళ నొప్పులు నాకు తెలుసు. కూర్చో నాయనా అంటే, "నేను నిలబడేది నా ఇష్టం" అన్నాడు.

వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. బెంచీ మీద ఒక అబ్బాయి కూర్చుని ఉన్నాడు, పక్కన రెండు ఊతకర్రలు. అతనిది అనంతపురం వైపు. పుట్టుకతోనే రెండు కాళ్ళూ బలం లేనివి. పిల్లల డాక్టరు కావాలని వచ్చాడు. నన్ను చాలాసేపు చూసి, మెల్లగా అన్నాడు.

"అక్కా, ఒక మాట సెప్తా, ఏమీ అనుకోవద్దు. నువ్వు అట్ల నిలబడితే, లోపల నన్ను గూడా నిలబడమంటారు. నా చేత కాదు."

ఆ మాట నన్ను చెంపదెబ్బలా తాకింది. నేను నా కోపంలో ఉన్నాను. నిలబడడం నాకు వచ్చు కాబట్టి దాన్నే కొలతగా వాళ్ళ చేతికి అందిస్తున్నానని తట్టలేదు. పిల్లల గుండె చప్పుడు వినడానికి నిలబడడం ఎందుకు? అతను చెప్పింది నిజం. ఆ టేపును నేనే పొడిగిస్తున్నాను.

అతని వంతు వచ్చింది. ఊతకర్రలతో లేస్తుంటే నేనూ అతని వెంట గదిలోకి పోయాను. నన్ను పిలవలేదని బోర్డు పెద్ద అన్నాడు.

"ఒక్క మాట చెప్పి పోతాను సార్. నేను నిలబడింది నా బ్రాంచిలో నిలబడాలి కాబట్టి. ఈ తమ్ముడిది పిల్లల విభాగం. అతన్ని అడగాల్సింది నిలబడగలవా అని కాదు. పిల్లలను పరీక్ష చేయగలవా, సూది వేయగలవా అని. నన్ను చూసి అతన్ని తూచకండి."

"నువ్వు మాకు నేర్పుతున్నావా?"

నేను జవాబు చెప్పేలోగా, అప్పటిదాకా మాట్లాడని ఒక మేడం కలగజేసుకుంది. కొత్తగా వచ్చిన ఇద్దరిలో ఒకరు. దెబ్బతిన్న అవయవాలను మళ్ళీ వాడుకలోకి తెచ్చే విభాగం ఆమెది. "ఆమె అడిగిన ప్రశ్నలే మన ఫారంలో ఉండాల్సినవి" అంది ఇంగ్లీషులో, ఆయన వైపు చూడకుండా. ఆ అబ్బాయిని కూర్చోబెట్టి, అక్కడే ఉన్న అటెండరును పేషెంటుగా పడుకోబెట్టి పరీక్ష చేయమంది. అతను ఎంత నిదానంగా, ఎంత శ్రద్ధగా చేశాడో వాకిలి దగ్గర నుంచి చూశాను.

మధ్యాహ్నం దాటాక నన్ను పిలిచారు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగాడు. "ఇంకా నిలబడే ఉన్నావా?"

"ఉన్నాను సార్. మీకు టీ రెండుసార్లు వచ్చింది."

మేడం నవ్వు ఆపుకుని, కాలు చూపించమంది. మొండికాలి చర్మాన్ని వేళ్ళతో తడిమి చూసింది. ఆమె అడిగిన ప్రశ్నలు నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నొప్పి ఎప్పుడు వస్తుంది? పుండు పడితే ఏం చేస్తావు? తడి నేల మీద ఎట్లా నడుస్తావు?

ఆమెకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నొప్పి వస్తుంది మేడం. ఎండాకాలం ఎక్కువ. చెమటకు చర్మం ఒరుసుకుపోతుంది. విప్పి, తుడిచి, ఆరబెట్టి మళ్ళీ వేసుకుంటాను. పుండు పడితే మానేదాకా ఊతకర్రలు. ఆ రోజుల్లో థియేటరు మానుకుని వార్డు పని చేస్తాను. చేతులకు ఏం కాదు కదా."

ఆమె రాసుకుంది. టేపు బల్ల మీదనే ఉంది. ఎవరూ తీయలేదు.

సాయంత్రం కాగితం ఇచ్చారు. పీజీకి అర్హురాలు. కింద సర్జరీ అని విడిగా రాసి, కాలికి తగిన ఏర్పాట్లు చేయాలి అని మేడం తన చేత్తో చేర్చింది. నాయన దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ అబ్బాయికి మాత్రం ఆ పొద్దు అర్హత రాలేదు. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకోలేదట. అతను కోర్టుకు పోయాడు. నా కాగితం నకలు, నేను అతని గురించి బోర్డులో అన్న మాటలు అన్నీ రాసి అతని వకీలుకు పంపాను. చివరి విడత సీట్లలో అతనికి పిల్లల విభాగం వచ్చింది. ఇప్పటికీ పండక్కి ఫోను చేస్తాడు. "నిలబడినావా అక్కా, కూసున్నావా?" అని అడుగుతాడు.

నాకు సీటు కర్నూల్లో వచ్చింది. యూనిట్ చీఫ్ ఒక పెద్దమనిషి, చేయి తిరిగిన సర్జన్, నోరు మంచిది కాదు. మొదటి రోజే అందరి ముందూ అన్నాడు. "నిన్ను నేను అడగలేదు. లిస్టు పంపింది."

"నన్నెవరూ అడగరు సార్. నేనే వచ్చినాను."

మొదటి ఏడాదంతా ఆయన నన్ను కొలుస్తూనే ఉన్నాడు. పొడుగాటి కేసులన్నీ నాకే వేశాడు. రౌండ్స్‌కు పోతే మూడో అంతస్తుకు లిఫ్టు వదిలేసి మెట్లెక్కేవాడు, నేను వెనకాల వస్తున్నానా లేదా అని తిరిగి చూసేవాడు. వచ్చాను. ఒకరోజు మాత్రం మెట్ల దగ్గర ఆగి, "మీరు పదండి సార్, నేను లిఫ్టులో వస్తా, ఫైళ్ళు తెచ్చి ఉంచుతా" అన్నాను. పైకి ఆయన చేరేసరికి నేను ఫైళ్ళు పట్టుకుని ఉన్నాను. ఆ తర్వాత ఆయనా లిఫ్టులోనే వచ్చేవాడు.

రెండో ఏడాది ఎండాకాలం, నేను బోర్డులో చెప్పినట్టే, మొండికాలు పుండు పడింది. పెట్టుడు కాలు గదిలో వదిలి ఊతకర్రలతో వార్డుకు పోయాను. ప్యాంటు కాలును మడిచి పిన్ను పెట్టుకున్నాను. ఆసుపత్రి మొత్తం చూసింది. సిస్టర్లు గుసగుసలాడారు. చీఫ్ నన్ను చూసి ఆగిపోయాడు.

"ఇంటికి పో. మానినాక రా."

"చేతులు బాగున్నాయి సార్. డ్రెస్సింగులు శానా ఉన్నాయి."

షుగరు పుండ్ల వార్డులో ఆ వారమంతా డ్రెస్సింగులన్నీ నేనే చేశాను. ఒక ముసలామె నా మడిచిన ప్యాంటును చూసి, "నీకు గూడా షుగరా తల్లీ?" అని జాలి పడింది. "కాదవ్వా, లారీ" అన్నాను. వార్డంతా నవ్వింది. చీఫ్ కూడా.

పుండు మానాక నేను మళ్ళీ థియేటరుకు వచ్చిన పొద్దు, ఒక కడుపు కేసు బల్ల మీద ఉంది. పేగుకు చిల్లు పడిన మనిషి. చీఫ్ తలుపు దగ్గర నిలబడి, "నువ్వు మొదలుపెట్టు, నేను చేతులు కడుక్కుని వస్తా" అన్నాడు. నేను కోశాను. చిల్లు దొరికింది. మూశాను. కడుపు కడిగాను. ఎంతకీ ఆయన రాలేదు. చివరి కుట్టు వేస్తుంటే గాజు కిటికీ అవతల ఆయన కనపడ్డాడు. మాస్కు కిందికి లాగి, అరటిపండు తింటున్నాడు. అసలు చేతులు కడుక్కున్నాడో లేదో నాకు తెలియదు. నన్ను మెచ్చుకోలేదు. ఆ రోజు తర్వాత నా కాలి గురించి మాత్రం మాట్లాడలేదు. మెచ్చుకోలు కంటే అదే నాకు కావాల్సింది.

చదువైపోయింది. ఇప్పుడు కడపలో పనిచేస్తున్నాను. ఇప్పటికీ పరీక్ష అట్లాగే ఉంది, నాలుగు జవాబుల్లో ఒకటి. ఇప్పటికీ బోర్డులు ఉన్నాయి. ఎక్కడెక్కడి పిల్లలో నా నంబరు సంపాదించి ఫోను చేస్తారు. పనికిరానని రాశారక్కా, ఏం చేయాలి అని అడుగుతారు. ఏ గదిలో ఏ ప్రశ్న అడగనివ్వాలో, ఏ ప్రశ్నను తిప్పి వాళ్ళనే అడగాలో చెప్తాను. కొందరికి సీటు వస్తుంది, కొందరికి రాదు. రాని వాళ్ళకు ఓర్చుకోమని మాత్రం నేను చెప్పను.

మొన్న ఓపీ రోజున బయట వరండాలో గట్టిగా మాటలు వినపడ్డాయి. ఏదో పల్లె నుంచి ఒకామె మొగుణ్ణి తీసుకుని వచ్చింది, అతనికి వరిబీజం. నా పేరు ఆమెకు తెలియదు.

"ఆపరేషన్లు బాగా జేసే కుంటి డాక్టరమ్మ యాడుంటాది?" అని అడుగుతోంది.

"అట్లా అనకూడదు. మేడం అనాల" అని సిస్టరు కసురుకుంది.

"ఇంగేమనాలమ్మా? మా ఊర్లో అందరూ అట్లనే సెప్పినారు. కుంటి డాక్టరమ్మ కాడికే పోండి, ఇంగొకరి కాడికి పోవద్దండి అన్నారు."

నేను లేచి వాకిట్లోకి పోయాను.

"నేనేనమ్మా. లోపలికి పిల్చుకోని రా."